శరణమ్మ పేరు మీద నేనిచ్చిన మాఫీ

ఇరవై రెండేళ్లుగా ఒక అబద్ధాన్ని మింగలేక, కక్కలేక బతికాను. ఒకటి కాదు, రెండు. మొదటిదానికి ఎలాగో ఒక సాకు దొరికింది. రెండోదానికి ఇప్పటికీ దొరకలేదు. పగలు నలుగురిలో ఉన్నప్పుడు బాగానే ఉండేది. ఎవరైనా "సారూ, మీ నోటి మాట ఎంత చక్కగుంటది" అని మెచ్చుకుంటే మాత్రం అక్కడి నుంచి లేచి వెళ్లిపోయేవాణ్ని.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెబుతున్నాను. ఒక్క కోరిక. వింటూ వింటూ మధ్యలో "పాపం, మంచికే చేశాడులే" అని మాత్రం అనకండి. ఆ మాట నాకు నేను కొన్ని వేలసార్లు చెప్పుకున్నాను. చెప్పుకున్న ప్రతిసారీ అది అబద్ధమే.

నాది జహీరాబాద్. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ఊరికి నా పాఠాలు గుర్తులేవు, నా మైకు గుర్తుంది. పైనుంచి ఏ నాయకుడు వచ్చినా, ఏ పెద్ద ఆఫీసరు వచ్చినా పక్కన నిలబడి తెలుగులో చెప్పేది నేనే. సభల్లో అనువాదం ఎలా జరుగుతుందో మీరూ చూసే ఉంటారు. నాయకుడు ఒక ముక్క అంటాడు, పక్కవాడు మూడు ముక్కలు అంటాడు. ఆయన "మీకు నీళ్లు ఇస్తాం" అంటే నేను "గంగమ్మ తల్లి మీ చేన్లకు నడుసుకుంట వస్తది" అనేవాణ్ని. ఇక చప్పట్లు చూడాలి. నాయకులకూ అదే కావాలి. "సారు ఉంటే మీటింగు గరం అయితది" అని రాయికోడ్ నుంచి కూడా పిలుపు వచ్చేది. ఆయన నిజంగా అన్నదేమిటని ఒక్కరూ ఎప్పుడూ అడగలేదు. అడగనివాళ్ల ముందు మాట్లాడీ మాట్లాడీ నాకు ఒళ్లు పొగరెక్కింది.

ఇంకో పిచ్చి కూడా ఉండేది. యుద్ధం. పందొమ్మిదేళ్లప్పుడు మిలిటరీ భర్తీకి పోయి, ఛాతీ కొలత చాలక ఇంటికి వచ్చాను. ఆ రోజు నుంచి కుర్చీలో కూర్చునే అన్ని యుద్ధాలూ గెలిచాను. పేపర్లలో సేనాధిపతుల ఫోటోలు, ముచ్చట్లు కత్తిరించి నోటుబుక్కులో అంటించుకునేవాణ్ని. అందులో ఒకాయనకు సగం పుస్తకం ఇచ్చాను. దేశమంతా తెలిసిన పేరు, ఇక్కడ రాయను. సరిహద్దులో ఒక కొండను గెలిచినవాడు. గెలుపు గురించి, సైనికుడి తెగువ గురించి ఆయన అన్న మాటలు పిల్లలకు గ్రామరు మానేసి మరీ చెప్పేవాణ్ని. వెనకడుగు వేసేవాడు మనిషే కాదని వాళ్ల చేత రాయించేవాణ్ని. నేను ముందడుగు వేసింది ఎక్కడని ఏ పిల్లవాడూ అడగలేదు, వాళ్ల పుణ్యం.

ఆ కొండ మీద చనిపోయినవాళ్లలో ఝరాసంగం దగ్గర పల్లెవాడు, సంగప్ప ఉన్నాడు. తల్లి శరణమ్మ. భర్త ముందే పోతే, జొన్నలు, కందులు పండించి ఇద్దరు కొడుకులను సాకింది. చిన్నవాడు బసవరాజు. ఊరివాళ్లు తలా ఇంత వేసుకొని బస్సులు ఆగే చోట సంగప్ప విగ్రహం పెట్టారు. ఆవిష్కరణకు రమ్మని ఆ సేనాధిపతికే ఉత్తరం రాశారు. ఆయన అప్పటికి రిటైరయ్యాడు. ఎవరూ వస్తాడనుకోలేదు. వస్తున్నానని జవాబు వచ్చింది. సభల్లో ఆయన ఇంగ్లీషే మాట్లాడతాడట. ఇంకేముంది, నన్ను పిలిచారు.

వారం రోజులు అద్దం ముందు నిలబడ్డాను. ఆయన ఏం అంటాడో వినకముందే నా అనువాదం తయారైపోయింది. ఇప్పుడు రాస్తుంటే నాకే నవ్వు వస్తోంది. కానీ ఆ రోజుల్లో మేమంతా అలాగే చేసేవాళ్లం. ఎవరు వచ్చినా ఏం అంటారో మాకు ముందే తెలుసనుకునేవాళ్లం.

ఆయన లేచాడు. చేతిలో కాగితం లేదు. సన్నగా, కొంచెం వంగి, పేపర్లో కన్నా చిన్నగా కనిపించాడు. ఈ విగ్రహం మీది గుడ్డ తీయడానికి తాను తగినవాణ్ని కానన్నాడు. మొదటి వాక్యమే అది. నేను "ఈ భాగ్యం దక్కినందుకు సారు పొంగిపోతున్నరు" అన్నాను.

గెలుపు అనే మాట పేపర్లవాళ్లు వాడతారు, ఆ కొండ మీద ఉన్నవాళ్లు వాడరన్నాడు. రెండు రోజులు ఆగి ఉంటే ఆ కొండ అంత ప్రాణనష్టం లేకుండానే చేతికి వచ్చేదట. ఆగమని కింది అధికారులు చెప్పారట. పైవాళ్లు తొందర పెడుతున్నారని ఆయనే వినకుండా పట్టపగలు మనుషులను పంపాడట. సైనికుడు తన పైవాణ్ని పెద్దగా ఏమీ అడగడని, తనను పంపే ముందు రెండుసార్లు ఆలోచించమంటాడని, తాను ఒక్కసారే ఆలోచించానని అన్నాడు. యుద్ధాన్ని పొగిడే ముసలివాళ్లను నమ్మవద్దన్నాడు. చాలాకాలం తానూ వాళ్లలో ఒకణ్నే అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. నిజంగా మండింది. సగం నోటుబుక్కు ఇచ్చుకున్నాను ఈ మనిషికి. ఇప్పుడు మా ఊరికి వచ్చి, మా జనం ముందు, నా మైకు దగ్గర ఇలా మాట్లాడతాడా? నీ బరువు దింపుకోవడానికి మేమే దొరికామా? ఆయన వాక్యం పూర్తి చేసి నా వైపు చూసినప్పుడల్లా నేను అద్దం ముందు వల్లించినది అందుకున్నాను. "మన సంగప్ప పులి లెక్క దుంకిండు. దుష్మన్లు చూసి వణికిన్రు. గసుంటి కొడుకును కన్న తల్లికి సారు సలాం కొడుతున్నరు." షామియానా ఎగిరిపోయేంత చప్పట్లు. తప్పు ఒప్పుకుంటుంటే జనం ఎందుకు చప్పట్లు కొడుతున్నారో అర్థం కాక ఆయన తడబడ్డాడు. నాకది గుర్తుంది. దాన్ని చూసి లోపల సంతోషపడడం కూడా గుర్తుంది.

వేదిక మీద ఇంగ్లీషు తెలిసినవాళ్లు ఇంకా ఇద్దరున్నారు. ఒక్కరూ కదల్లేదు. దిగేటప్పుడు వాళ్లలో ఒకాయన నా భుజం తట్టి "మంచిగ సంభాళించినవ్ సారూ, లేకుంటే ఇజ్జత్ పోతుండె" అన్నాడు. ఎవరి ఇజ్జత్ అని నేను అడగలేదు.

ఇక్కడితో ఆగితే నాది మైకు మీది పాపం. అలవాటైన పాపం. కానీ ఆగలేదు.

సభ అయిపోయాక సేనాధిపతి నేరుగా శరణమ్మ దగ్గరికి నడిచాడు. మైకు లేదు. చప్పట్లు లేవు. ఆమె, ఆయన, మధ్యలో నేను. ఆమె కొంగు నడుముకు చుట్టుకొని నిలబడి, ఆయన కళ్లలోకి చూసి అడిగింది.

"నా కొడుకు ఎట్ల పోయిండు సారూ? జర ఉన్నదున్నట్టు చెప్పమనున్రి."

ఆ ప్రశ్నను సరిగ్గానే చెప్పాను. ఆయన నెమ్మదిగా చెప్పాడు. సంగప్ప సాయంత్రం దాకా బతికే ఉన్నాడట. మనవాళ్లకు అరుపులు వినిపిస్తున్నా దగ్గరికి పోలేకపోయారట. పగలు పంపడం వల్లే అలా అయిందని, ఆ తప్పు తనదేనని చెప్పమన్నాడు. నన్ను క్షమించగలదేమో అడగండి అన్నాడు. క్షమించకపోయినా సరే, అడగడానికే ఇంత దూరం వచ్చాను అన్నాడు.

నేను ఆమెతో అన్నది ఇది. "అమ్మా, ఒక్క చిటికెల పోయిండంట. నొప్పి తెల్వనే లేదంట. నీ కొడుకుతోనే ఆ కొండ దక్కిందంట."

శరణమ్మ కూలిపోయినట్టు వంగి ఆయన కాళ్లు పట్టుకుంది. "చిన్నోన్ని గూడ మీ చేతుల్నే పెడ్త సారూ" అని ఏడ్చింది. ఆయన బెదిరి వెనక్కి జరిగాడు. ఆమె ఏమంటోంది, ఏమంటోంది అని నా చెయ్యి పట్టుకొని అడిగాడు.

"ఆమె మిమ్మల్ని క్షమించింది" అన్నాను. ఇంగ్లీషులో, చక్కగా, ఒక్క తప్పు లేకుండా.

ఆ పెద్దమనిషి మొహానికి చేతులు అడ్డం పెట్టుకొని ఏడ్చాడు. నాకు థాంక్స్ చెప్పాడు. రెండుసార్లు చెప్పాడు. కారెక్కి చిరాగ్‌పల్లి వైపు వెళ్లిపోయాడు.

ఎందుకు అన్నాను? కొడుకు అరుస్తూ చనిపోయాడని తల్లికి ఎలా చెప్పను అనుకున్నానా? మొదటి అబద్ధానికి ఆ సాకు సరిపోతుందేమో. ఆమె మీద జాలే అయితే రెండో అబద్ధం దేనికి? ఆయన మళ్లీ అడిగితే, పక్కన ఇంకెవరైనా నోరు విప్పితే నా బండారం బయటపడుతుందని భయపడ్డానా, లేక ఆయన మళ్లీ నా నోటుబుక్కులోని మనిషిగా మారిపోవాలని కోరుకున్నానా, లేక ఇద్దరు మనుషులు పూర్తిగా నా నాలుక మీద ఆధారపడి నిలబడిన ఆ క్షణం నాకు రుచిగా అనిపించిందా? అన్నీ నిజమే అనుకుంటాను. ఎంత తవ్వినా శరణమ్మ కనిపించదు, నేనే కనిపిస్తాను.

మరుసటి ఏడు ఆమె బసవరాజును భర్తీకి తానే తీసుకుపోయింది. జొన్నరొట్టెలు కట్టుకొని, వాడి చెయ్యి పట్టుకొని. గసుంటి సార్ల చేతిలో ఉంటే తన కొడుకు ఆగం కాడని ఊరంతా చెప్పింది. బసవరాజు పదిహేనేళ్లు చేసి, బాగానే తిరిగి వచ్చాడు. వచ్చాడు కదా, ఏం నష్టం జరిగింది అని నేను నన్ను సముదాయించుకున్నాను. సిగ్గులేని లెక్క. ఆ పదిహేనేళ్లూ సరిహద్దులో ఏదో జరిగిందని టీవీలో చెప్పినప్పుడల్లా ఆమె తిండి మానేసి వాకిట్లో కూర్చునేదని ఊళ్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఏటా ఆగస్టు పదిహేనున విగ్రహం దగ్గర నా చేత జెండా ముచ్చట్లు చెప్పించి, మొదటి బూందీ పొట్లం నాకే ఇచ్చేది. తినేవాణ్ని. ఇంట్లో సంగప్ప ఫోటో పక్కన సేనాధిపతి ఫోటో పెట్టి రోజూ దీపం వెలిగించేది. అదీ చూసేవాణ్ని.

పోయిన నెల ఆ సేనాధిపతి చనిపోయాడు. రెండు రోజులకు బసవరాజు బండి మీద మా ఇంటికి వచ్చాడు. "సంతాప సభ పెడ్తున్నం సారూ. ఆ రోజు ఆయన చెప్పిన మాటలు మీరే మల్ల చెప్పాలంటున్నది అమ్మ" అన్నాడు. వస్తానన్నాను. ఆ మధ్యాహ్నమే షేర్ ఆటో ఎక్కి వాళ్ల ఊరు పోయాను. ధైర్యం వచ్చి కాదు. అవే మాటలు మళ్లీ పలకాలంటే నోరు రాలేదు. అంతే.

శరణమ్మ చాటలో కందులు చెరుగుతోంది. ఎదురుగా కూర్చొని మొత్తం చెప్పాను. వేదిక మీది మాటలు, వేదిక కిందివి. ఆయన అన్నది అన్నట్టు, ఒక మాటకు ఒక్కటే మాట. సాయంత్రం దాకా బతికి ఉన్న సంగతి కూడా చెప్పాను. చాట ఆగిపోయింది. బసవరాజు గోడకు ఆనుకొని నిలబడ్డాడు. కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండు అనుకున్నాను. కొట్టలేదు.

చాట పక్కన పెట్టి ఆమె అడిగింది. "మాఫ్ చెయ్యమని ఆయన అడిగిండా?"

"అడిగిండు."

"నేను చేసిన్నని నువ్వు చెప్పినవా?"

ఎప్పుడూ మీరు అనే మనిషి నువ్వు అంది. చెప్పానన్నాను.

"చేస్తుంటినో, చెయ్యకపోతుంటినో. ఆయన మీద మన్ను పోస్తుంటినో. అది నాది గద. కొడుకు పోయినంక నా చేతుల మిగిలింది గదొక్కటే. అది తీస్కపోయి ఇచ్చేటందుకు నువ్వెవరివి?"

జీవితమంతా మాటలు అమ్ముకున్నవాణ్ని, చేతులు జోడించబోయాను. "వద్దు" అంది. "ఇప్పుడు నన్ను అడగకు. ఇగ పో."

బసవరాజు రోడ్డు దాకా వెంట వచ్చాడు. ఆటో వచ్చేదాకా పక్కనే నిలబడ్డాడు.

ఆమెకు చెప్పాను, ఇప్పుడు మీకు చెప్పాను. తేలికగా ఉంది, అబద్ధం ఎందుకు? ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆ రాత్రి ఒళ్లెరగకుండా నిద్రపోయాను. ఆమె పడుకుందో లేదో అడగడానికి నాకు ముఖం లేదు.