కాళ్ళు కడిగిన నీళ్ళు

నా చిన్నప్పుడు, నాన్న పోయిన ఏడాది, పామర్రులో మా ఇంటికి వచ్చినంత జనం ఏ పెళ్ళికీ రాలేదు. నాన్నది చిన్న బట్టల కొట్టు. ఎప్పుడో ఒక జాకెట్టు గుడ్డ కొన్నవాళ్ళు కూడా పరామర్శకు వచ్చారు. వచ్చిన ప్రతివాళ్ళూ ఎలా జరిగిందో మొదటినుంచీ చెప్పమనేవారు. అమ్మ చెప్పేది, చెప్పి ఏడ్చేది. వాళ్ళు కళ్ళు తుడుచుకుని లేచేసరికి ఇంకొకరు వచ్చి అదే చాప మీద కూర్చునేవారు. ఇప్పుడు తలుచుకున్నా నాకు నీరసం వస్తుంది.

చావింటి నుంచి వెళ్ళేటప్పుడు కాళ్ళు కడుక్కుని వెళ్ళడం మాకు తెలిసినవాళ్ళందరికీ అలవాటు. అందుకని గేటు పక్కన బకెట్టూ చెంబూ పెట్టారు. అక్కడే నాన్న నాటిన మందార మొక్క ఉండేది, సుమారు నా ఎత్తు. అందరి కాళ్ళ నీళ్ళూ దాని మొదట్లోకే పోయేవి. ఆకులు పసుపు తిరిగి వాలిపోతుంటే, నాటిన మనిషి పోయాడని మొక్కకి కూడా దిగులు పట్టుకుందని జాలిపడి, బకెట్టులో మిగిలిన నీళ్ళు కూడా దానికే పోసి వెళ్ళేవారు. మాది నల్లమట్టి. పట్టిన నీళ్ళను ఓ పట్టాన వదలదు.

ఒక సాయంత్రం అమ్మ అరుగు మీద నుంచి దాన్ని చూసి, "ఇదీ పోతుంది" అంది. ఆ గొంతు విని నేను హడలిపోయాను. అమ్మ అప్పటికే తిండీ నిద్రా మానేసి ఉంది. మొక్క పోతే తరవాత అమ్మేనని నా మనసులో గట్టిగా పడిపోయింది. ఆ మాట ఎవరికీ చెప్పుకోలేదు.

మా మేనత్త, నాన్నకు అక్క, బెజవాడ నుంచి వచ్చి మాతోనే ఉండిపోయింది. తమ్ముణ్ణి పోగొట్టుకున్నది ఆవిడ కూడా. కానీ పొయ్యి దగ్గర ఉండే మనిషిని ఓదార్చాలని ఎవరికీ తట్టలేదు. మర్నాడు పొద్దున నేను మొక్క దగ్గర నిలబడి ఉండటం చూసి, ఏమీ అడగకుండా వచ్చి కూర్చుంది. పిడికెడు మట్టి తీసి వాసన చూసి, నా ముక్కు దగ్గర పెట్టింది. మురుగు కంపు. తరవాత ఒక కొమ్మ చివర గోటితో గీరింది. బెరడు కింద గోధుమరంగు, ఎండిపోయి ఉంది. ఇంకాస్త కింద గీరితే అక్కడా అంతే. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. మొదలుకి దగ్గరగా గీరినప్పుడు మాత్రం సన్నగా పచ్చదనం కనబడింది. మట్టి తప్పించి వేళ్ళు చూసింది. చాలావరకు నల్లబడి, పట్టుకుంటే పొర ఊడి వస్తున్నాయి. లోపల కొన్ని తెల్లగా, గట్టిగా ఉన్నాయి.

"బతుకుద్దా అత్తయ్యా?" అన్నాను.

"చెప్పలేనే. కుళ్ళింది తీసేద్దాం. ఆ తరవాత ఎవరూ దీని జోలికి రాకుండా చూడాలి. కాస్త ఆరనియ్యాలి దాన్ని."

కుళ్ళిన వేళ్ళూ ఎండిన కొమ్మలూ కోసేసింది. నీళ్ళు రోడ్డు పక్క కాలువలోకి పోయేలా బోదె తీసింది. బకెట్టు అవతలి పక్కకి మార్చింది. చేతులు కడుక్కుంటూ అరుగు వైపు చూసింది. అమ్మ స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. అప్పుడే గేటు ముందు రిక్షా ఆగి, దూరపు చుట్టాలు దిగారు. అత్తయ్య తడిచేతులతోనే ఎదురెళ్ళింది.

"ఏమీ అనుకోకండి. మా మరదలు ఇవాళ ఎవరితోనూ మాట్లాడదండి. మీరు వచ్చి వెళ్ళారని చెబుతాను."

వాళ్ళు ముఖం మాడ్చుకుని వెళ్ళిపోయారు. ఆడపడుచుకి ఎంత పొగరని తరవాత చాలామంది అనుకున్నారట. అత్తయ్య తలుపు గడియ పెట్టింది. ఆ రోజు అమ్మ దీపాలవేళ దాకా నిద్రపోయింది. అత్తయ్య వంటింట్లో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మొదటిసారి ఏడ్చింది.

మందార ఒక పక్క పూర్తిగా ఎండిపోయింది. రెండో పక్క మెల్లగా చిగిర్చి, వంకరగానే చాలా ఏళ్ళు పూసింది.

ఇప్పటికీ మట్టిలో వేలు పెట్టి చూడకుండా నేను మొక్కకి నీళ్ళు పొయ్యను. చావింటికి వెళ్తే ఎలా జరిగిందని అడగను, కాసేపు కూర్చుని లేస్తాను. పోయినేడు మా వారు పోయాక మా ఇంటికీ జనం బాగానే వచ్చారు, అందరూ మంచివాళ్ళే. మధ్యాహ్నం నేనే లేచి వెళ్ళి గడియ పెట్టుకునేదాన్ని. పెట్టిన ప్రతిసారీ, గేటు దగ్గర నిలబడి నా తరఫున ఆ ఒక్క మాట చెప్పడానికి అత్తయ్య ఉంటే బాగుండుననిపించేది.