నడిచే బెల్టుకు గుగ్గిలం

"...ఏడవమని నేను యాడ చెప్పినానమ్మా? రోంత గొంతు తగ్గించి మాట్లాడమన్న్యా, అంతే."

"ఏడుపొస్తే నా ఇంట్లో ఏడుస్తా సార్. నీ మైకు ముందర ఏల ఏడవల్ల?"

నాపరాళ్ళు కడిగే తొట్టి దగ్గర మేనేజరు ఓబుళపతి, షంషాద్ ఎదురెదురుగా నిలబడి వాదులాడుకుంటున్నారు. తక్కిన ఆడవాళ్ళు బండల మీద చేతులాడిస్తూ చెవులు మాత్రం ఇటు పెట్టారు. జమ్మలమడుగు పొలిమేరలో ఉన్న ఆ పాలిష్ ఫ్యాక్టరీలో మర్నాడు భద్రతా దినం. పులివెందుల నుంచి ఓనరు వస్తున్నాడు. పనిచేసే ప్రతి మనిషీ తన ఇంటివాళ్ళ ఫోటో తెచ్చి గోడకు అంటించాలి. దానిపైన కట్టే బ్యానరు అప్పటికే ప్రొద్దుటూరు నుంచి వచ్చింది: 'ఇంట్లో నీ కోసం ఎదురుచూస్తున్నారు'. ప్రతిజ్ఞ అయ్యాక షంషాద్ మైకు పట్టుకుని, తన భర్త దావూద్ చేతికి ఏమైందో అందరికీ చెప్పాలి.

"నేను చెప్తే వీళ్ళు ఈ చెవిన విని ఆ చెవిన ఇడుస్తారు. నువ్వు చెప్తే మనసుకు తగుల్తాది," అన్నాడు ఓబుళపతి. "ఎవరి పానం మీద వాళ్ళకు ఆశ ల్యాకుంటే నేనేం చేస్తా చెప్పు."

"ముందు బెల్టు మింద ఆ జాలీ బిగిచ్చు."

"బిగిస్తాంలేమ్మా. ఫంక్షన్ కానీ."

తొట్టి అవతల నుంచి సుబ్బరత్నమ్మ అందుకుంది. "ఫంక్షన్లో కొబ్బరికాయ కొట్టేదానికి ఆ జాలీ గూడా వాడుకో సార్. ఊరికే గోడకు ఆనుకోనుంది గదా."

ఆడవాళ్ళు నవ్వారు. షంషాద్ నవ్వలేదు.

ఆమె పుట్టిల్లు కమలాపురం. నిఖా అయి వచ్చిన ఏడాదే ఈ ఫ్యాక్టరీలో చేరింది. బండకు ఒక కొస తను, రెండో కొస సుబ్బరత్నమ్మ పట్టుకుని కటింగ్ మిషన్ దాకా మోసేవారు. ఆ మిషన్ నడిపేది దావూద్. పెళ్ళాం మోసిన బండను మొగుడు కోసేవాడు. సంసారమంతా ఒక్క మిషన్ మీదే పెట్టుకున్నారని సుబ్బరత్నమ్మ ఎగతాళి చేసేది.

మోటారు నుంచి బండను కోసే రంపపు బిళ్ళకు పోయే బెల్టు మీద ఇనుప జాలీ ఒకటి మూతలా ఉంటుంది. ఏటా ఆయుధపూజకు దాన్ని విప్పుతారు. చక్రాలకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, మోటారుకు బంతిపూల దండ వేస్తారు. దావూద్ కూడా పూసేవాడు. పొద్దస్తమానం అన్నం పెట్టే మిషన్ దగ్గర ఇది నీ పండగ, అది నా పండగ అని ఎవరూ అనుకోలేదు. కిందటేడు పూజ అయ్యాక జాలీని గోడకు ఆనించారు. తిరిగి బిగించలేదు. వద్దని ఓనరు అనలేదు, బిగించమని మేనేజరు అనలేదు. మగవాళ్ళకు మాత్రం అదే సుఖమనిపించింది.

ఎందుకంటే బిళ్ళ మీద పోసే నీళ్ళు చింది, బెల్టు తడిసి జారుతుంది. జారితే గుగ్గిలం పొడి చల్లాలి, అప్పుడు పట్టు దొరుకుతుంది. జాలీ ఉంటే మోటారు ఆపాలి, బోల్టులు విప్పాలి, చల్లాలి, మళ్ళీ బిగించాలి. జాలీ లేకపోతే నడిచే బెల్టు మీదే గుప్పెడు కొట్టొచ్చు. మోటారు ఆపేవాణ్ణి భయస్థుడని ఆటపట్టించేవారు. దావూద్ ఎన్నడూ ఆపలేదు. నోట్లో బీడీ పెట్టుకుని, పక్కవాడితో మాట్లాడుతూ, మణికట్టు ఒక్క తిప్పు తిప్పి పొడి కొట్టేవాడు. ఒక మధ్యాహ్నం బెల్టు పొడితోపాటు చేతిని కూడా లాక్కుంది. ప్రొద్దుటూరు ఆసుపత్రి నుంచి మూడు వేళ్ళు లేని కుడిచేత్తో తిరిగి వచ్చాడు.

మిషన్‌కు నిమ్మకాయ కోసి మళ్ళీ నడిపారు. దావూద్ స్థానంలో అతని తమ్ముడు షహబాజ్ నిలబడ్డాడు. జాలీ గోడ దగ్గరే ఉండిపోయింది. దాని మీద ఎవరో తడి గుడ్డలు ఆరేసుకుంటున్నారు.

ఆ సాయంత్రం షంషాద్ ఇంటికొచ్చి పొయ్యి వెలిగించింది. చేతిలో గిన్నెలన్నీ చప్పుడు చేస్తున్నాయి.

"చెప్తే ఏం పోతాది?" అన్నాడు దావూద్. "నా తప్పేనని చెప్పు. నా నసీబ్ అట్లుంది."

"బోల్టులు బిగిచ్చేదానికి నసీబ్ అడ్డమొచ్చిందా?"

షహబాజ్ వచ్చి అన్నానికి కూర్చున్నాడు. కంచం అందిస్తూ ఆమె అతని అరచేయి చూసింది. గీతల్లో పసుపుపచ్చగా పొడి ఇరుక్కుని ఉంది.

"ఏంది షహబాజ్ ఇది?"

"బెల్టు జారుతాండె భాభీ. నేను అన్న మాదిరి దగ్గరికి పోనులే. దూరం నుంచే కొడ్తాండా."

"దూరం నుంచి కొడితే పక్కన పడతాదిరా," అన్నాడు దావూద్. "మణికట్టు తిప్పల్ల. ఇట్ల." వేళ్ళు లేని చేతిని గాల్లోకి లేపి ఒక్క తిప్పు తిప్పి చూపించాడు.

షహబాజ్ తలాడించాడు. శ్రద్ధగా చూస్తున్నాడు.

షంషాద్‌కు ఓబుళపతి మీద వచ్చిన కోపం దీని ముందు ఏపాటిది అనిపించింది.

"ఆ చెయ్యి దించు," అంది.

దావూద్ దించాడు. తెల్లారి పనికి పోతూ ఆమె సుబ్బరత్నమ్మ ఇంటి ముందు ఆగింది. ఇద్దరూ వాకిట్లో నిలబడి మాట్లాడుకున్నారు. తర్వాత మిగతా ఆడవాళ్ళ ఇళ్ళకు కలిసి పోయారు.

ఫ్యాక్టరీలో షామియానా వేశారు. గోడ నిండా ఫోటోలు: పెళ్ళి ఫోటోలు, బడి పిల్లలు, దుబాయిలో పనికి పోయిన అన్నదమ్ములు. షహబాజ్ తన తల్లి ఫోటో అంటించాడు. ఓనరు వాటిని ఒక్కొక్కటే చూసి మెచ్చుకున్నాడు. అందరూ చెయ్యి చాపి, జాగ్రత్తగా పనిచేస్తామని ప్రతిజ్ఞ చేశారు. ఓబుళపతి మైకు తెచ్చి షంషాద్ చేతిలో పెట్టి, నిమ్మళంగా చెప్పమ్మా అని చెవిలో అన్నాడు.

ఆమె గొంతు తగ్గించలేదు.

"ఇంట్లో వాళ్ళు గుర్తుకొస్తే చెయ్యి పోదంటాండారు. నా మొగుని చెయ్యి పోయిన పొద్దు నేను ఆయన ముందరే ఉన్న్యా. ఫోటో గాదు, మనిషినే. బండ పట్టుకోని నిలబడిన్యా. నన్ను చూస్తా చూస్తానే గుగ్గిలం కొట్టినాడు."

ఆమె ఓనరు వైపు తిరిగింది.

"సార్, నువ్వు బ్యానరు కట్టినావు, జాలీ కట్టల్యా." తర్వాత మగవాళ్ళ వైపు తిరిగింది. "మీరూ అంతే. మోటరు ఆపినోన్ని చూసి నగుతారు. వేళ్ళు పోయినోడు ఇంట్లో కూచ్చోని తమ్మునికి మణికట్టు తిప్పేది నేర్పుతాండాడు. ఈళ్ళకు ఎన్ని ఫోటోలు చూపిచ్చినా అంతే."

ఓబుళపతి మైకు కోసం చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు. సుబ్బరత్నమ్మ లేచి వచ్చి ఆమె పక్కన నిలబడింది. వెనక బండలు మోసే ఆడవాళ్ళందరూ లేచారు.

"బండ మేము మోస్తేనే మిషన్ కాడికి వస్తాది," అంది షంషాద్. "ఈ పొద్దు నుంచి జాలీ ల్యాని మిషన్‌కు మేము బండ మొయ్యం. నడిచే బెల్టుకు గుగ్గిలం కొట్టేవాడు మా మొగుడైనా, మరిదైనా, వాని మిషన్‌కు గూడా మొయ్యం."