పెద్దబాపు చెప్పిన సినిమా

నా చిన్నప్పుడు బొంబాయి పక్కన భివండీలో మనుషుల మాటలు శుక్రవారం నాడే వినపడేవి. మిగతా ఆరు రోజులు మరమగ్గాలు మాట్లాడేవి, మనుషులు మూతులు కదిపేవాళ్లు. శుక్రవారం కార్ఖానాలన్నీ బంద్. నార్పోలిలో మా ఒంటిగది ఖోలీకి ఆ పొద్దున్నే అద్దె వీసీఆర్ వచ్చేది, దానితో రెండు క్యాసెట్లు. ఒకటి మగవాళ్ల కోసం ఫైటింగ్ సినిమా. ఒకటి మా నాయనమ్మ కోసం నలుపు తెలుపుల పాత సినిమా. రెండూ హిందీవే. ఆ దుకాణంలో తెలుగు క్యాసెట్లు నాలుగే ఉండేవి, ఆ నాలుగూ మాకు కంఠతా వచ్చేశాయి.

నాకప్పుడు పదకొండేళ్లు. సినిమాల మీద అప్పుడున్నన్ని అభిప్రాయాలు నాకు మళ్లీ ఎప్పుడూ లేవు. పాత సినిమాల్లో మనిషి ఏడిస్తే దానికొక కారణం ఉంటుందని, ఫైటింగ్ సినిమాల్లో మనిషి చచ్చినా కారణం ఉండదని నా సిద్ధాంతం. హిందీ బడిలో చదువుతున్నదాన్ని, క్లాసులో హిందీలో నాకే ఎక్కువ మార్కులు. ఇలాంటి పిల్ల ఒకతి ఇంట్లో ఉంటే మిగతావాళ్లకు విశ్రాంతి తక్కువ.

మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న, నా సిద్ధాంతానికి పూర్తిగా వ్యతిరేకి. "కొట్లాట లేకుంటే అది సిన్మానా? పెండ్లి జూపులకు పోయినట్టుంటది" అనేవాడు. నాగావ్‌లో ఒక పెద్ద కార్ఖానాకు ఆయన మేస్త్రీ. మగ్గం మొరాయిస్తే పక్కన నిలబడి, కళ్లు మూసుకొని, తల వంచి వినేవాడు. ఏ చోట వదులైందో, ఏది అరిగిందో ఆ చప్పుడులోనే చెప్పేసేవాడు. ఆ మధ్య వినడం మానేసి మగ్గం మీద అరచెయ్యి ఆనించి చెబుతున్నాడని, ఆయన విద్య ఇంకో మెట్టు ఎక్కిందని జనం చెప్పుకొనేవాళ్లు. మేమూ గొప్పగా చెప్పుకొనేవాళ్లం.

సినిమా చూసేటప్పుడు ఆయన స్థానం టీవీ పక్కనే. టీవీ పెట్టిన చెక్కబల్ల మీద చెయ్యి వేసి కూర్చునేవాడు. ఇంటికి పెద్దవాడి దర్పం అనుకున్నాం. నాయనమ్మకు, కరీంనగర్ వైపు నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన ఆడవాళ్లకు హిందీ రాదు కాబట్టి, తెర మీద ఎవరేమంటున్నారో తెలుగులో చెప్పే పని ఆయనదే. ఫైటింగ్ సినిమాకు అది కష్టమేమీ కాదు. "వీణ్ణి సంపుతా అంటున్నడు" అంటే సగం సినిమా అయిపోయేది. "వాడు గూడ గదే అంటున్నడు" అంటే మిగతా సగం.

పాత సినిమాతోనే వచ్చింది గొడవ.

ఆ శుక్రవారం మా ఖోలీలో అడుగు పెట్టే చోటు లేదు. పెద్దబాపు పనిచేసే కార్ఖానా సేటు కూడా కూతురి పెండ్లి పత్రిక ఇవ్వడానికి వచ్చాడు. ఆయనా మా వైపువాడే. చాయ్ తాగి పొమ్మని అమ్మ బలవంతపెడితే గోడవారగా కుర్చీలో కూర్చున్నాడు. తెర మీద పాత సినిమా నడుస్తోంది. కచేరీలో గుమాస్తా ఒకడు ఇంటికొచ్చి, భార్య ముందు తల దించుకొని చాలాసేపు ఏదో చెబుతున్నాడు. ఆమె గుమ్మం పట్టుకొని నిలబడి వింటోంది.

"ఏందిరా, ఏమంటున్నడు?" అంది నాయనమ్మ.

"నల్లా కాడ నీళ్లకు లొల్లయిందట గద, నిన్నేమన్న అన్నరా అని అడుగుతున్నడు" అన్నాడు పెద్దబాపు.

"పాపం! మరి ఆమేమంటది?"

"అన్నరు గని నేను పడలే అంటంది."

ఆడవాళ్లంతా "గట్లనే ఉండాలె" అన్నారు. ఖోలీలు వరసగా ఉండే మా చాళ్లో నల్లా దగ్గర రోజూ జరిగేదదే మరి. ఆ గుమాస్తా పెళ్లాం వాళ్లలో ఒకతి అయిపోయింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఒక గొప్ప సినిమాకు నా కళ్ల ముందే అన్యాయం జరుగుతోంది. లేచి నిలబడ్డాను.

"నల్లా లేదు, నీళ్లు లేవు! నేను నోరు జారడంతోటి ఒక మనిషి పని పోయింది, ఇప్పుడు వాని మొఖం ఎట్ల జూడాలె అంటున్నడు. పెద్దబాపుకు హిందీ రాదు! అన్నీ గాలి మాటలు!"

ఖోలీ అంతా నవ్వు. "ఏమయ్యా మేస్త్రీ, ఇన్నేండ్ల సంది మమ్ముల పాగల్ జేస్తున్నవా?" అంది పక్కింటి అత్త. నాయనమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. వాళ్ల నవ్వులు చూసి పెద్దబాపూ నవ్వాడు. తన చమత్కారానికే నవ్వుతున్నారనుకున్నాడని నాకు తర్వాత తెలిసింది.

సేటు నవ్వలేదు. పెద్దబాపుకు హిందీ రాదని నేను కనిపెట్టాను గాని, ఇరవై ఏళ్లుగా బజారులో తన తరఫున హిందీలో బేరాలు చేసింది ఆయనేనని సేటుకు తెలుసు. చాయ్ కప్పు కింద పెట్టి, వెనక నుంచి మామూలు గొంతుతో పిలిచాడు.

"మేస్త్రీ."

పెద్దబాపు తెర వైపే చూస్తున్నాడు.

"మేస్త్రీ, గా మూడో నంబర్ మగ్గం ఎట్లున్నది?"

నవ్వులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. అమ్మ గబగబా వెళ్లి ఆయన భుజం తట్టబోయింది. అంతలో పెద్దబాపు తనంతట తానే మా వైపు తిరిగి, మొహం వెలిగిపోతుండగా, "ఇగ జూడుండ్రి, ఇప్పుడామె బిందె వట్టుకొని మల్ల నల్లా కాడికే పోతది" అన్నాడు.

సేటు లేచి, పత్రిక అలమారా మీద పెట్టి వెళ్లిపోయాడు.

మగ్గాల మధ్య బతికేవాళ్లంతా మూతి చూసే మాట పట్టుకుంటారు, మాట్లాడితే అరిచే మాట్లాడతారు. అలాంటి ఊళ్లో ఒక మనిషికి చెవులు పోతే కనిపెట్టడం చాలా కష్టం. ఇంట్లోవాళ్లం కనిపెట్టలేకపోయాం. మగ్గం మీదా టీవీ బల్ల మీదా ఆనించిన అరచెయ్యే ఆయనకు చెవి అయిందని మాకు తట్టలేదు. నలుపు తెలుపుల బొమ్మల్లో, పక్కకు తిరిగిన మొహాల్లో, హిందీ మాట్లాడే మూతులు మాత్రం ఆయనకు అందలేదు. అందని చోటల్లా మాకు తెలిసిన కథ ఒకటి అల్లి పెట్టాడు. ఫైటింగ్ సినిమాలు ఆయనకెందుకు ఇష్టమో నేనెప్పుడూ అడగలేదు. నా దగ్గర అభిప్రాయం ఉండగా అడగాల్సిన అవసరమేముంది?

శనివారం మగ్గాలు మొదలయ్యేసరికి కార్ఖానాలో కొత్త మేస్త్రీ ఉన్నాడు. సేటు చెడ్డవాడు కాదు, పనిలోంచి తీసేయలేదు. కాశేలి గోదాములో తానులు మోసే పని ఇచ్చాడు. అక్కడ వినాల్సిందేమీ ఉండదు, ఎత్తాల్సిందే ఉంటుంది. ఊళ్లో సగం మగ్గాలకు నాడి చూసిన చెయ్యి ఆ తర్వాత ఏ మగ్గం మీదా పడలేదు.

నన్నెవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. పెద్దమ్మ రెండు రోజులు నాకు అన్నం పెడుతూ నా మొహం చూడలేదు, అంతే.

మరుసటి శుక్రవారం పెద్దబాపే వెళ్లి క్యాసెట్ తెచ్చాడు. ఫైటింగ్ సినిమా కాదు, అదే పాత సినిమా. తను ఎప్పుడూ కూర్చునే చోట నన్ను కూర్చోబెట్టి, తను ఎదురుగా కూర్చున్నాడు, తెరకు వీపు పెట్టి.

"నువ్వు జెప్పు బిడ్డా. నేను నీ మూతి జూస్త. అసల్ది ఏందో నాగ్గూడ ఎరుకైతది."

చెప్పాను. గుమాస్తా మళ్లీ ఇంటికొచ్చాడు, తల దించుకున్నాడు. ఆ మాట నేను ఆయన కళ్లలోకి చూస్తూ, మూతి స్పష్టంగా కదుపుతూ చెప్పాల్సి వచ్చింది. నేను నోరు జారడంతోటి ఒక మనిషి పని పోయింది. ఇప్పుడు వాని మొఖం ఎట్ల జూడాలె. కథలు రాసేవాళ్లు ఇంత కచ్చితంగా రాస్తే నేను నమ్మేదాన్ని కాదు. సగంలో నా మూతి వణికింది. మూతి వణికితే మాట అందదు కాబట్టి ఆయన కొంచెం ముందుకు వంగి, "మల్లొకపారి జెప్పు" అన్నాడు. మళ్లీ చెప్పాను.

ఆయన మళ్లీ వెనక్కి జరిగి కూర్చున్నాడు.

"గంతేనా?" అన్నాడు. "గీ దానికన్న నల్లా కాడి లొల్లే మంచిగుండె."

"నేను గదే అంటున్న" అంది నాయనమ్మ, బియ్యం చాటతో లేచిపోతూ. "ఈ పోరి జెప్పే సిన్మాల ఏం లేదు."

ఆ ఏడాది బడిలో హిందీకి నాకు మొదటి బహుమతి వచ్చింది. పెద్దబాపు గోదాము పని మానుకొని మరీ వచ్చి చప్పట్లు కొట్టాడు. పక్కవాళ్ల చేతులు చూసి మొదలుపెట్టాడు కాబట్టి, అందరికన్నా కొంచెం ఆలస్యంగా.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు మా మనవడు సోఫాలో పడుకొని ఫోన్‌లో ఫైటింగ్ సినిమాలు చూస్తుంటాడు. వాటి మీద నా అభిప్రాయం మారలేదు. పాత సినిమాలే మంచివని ఇప్పటికీ అంటాను, కాకపోతే లోలోపల అంటాను. ఆ గుమాస్తా సినిమా అప్పుడప్పుడు టీవీలో వస్తుంది. ప్రతి మాటా నాకు అర్థమవుతుంది, అయినా ఆమె గుమ్మం పట్టుకోగానే నా కళ్లు బిందె కోసం వెతుకుతాయి.

నా ఎదుట ఎవరైనా తప్పు చెబుతుంటే సరిదిద్దాలని ఇప్పటికీ నాలుక దురద పెడుతుంది. కాని నోరు తెరిచే ముందు, వాళ్ల చెయ్యి దేని మీద ఆనించి ఉందో ఒకసారి చూస్తాను.