నాగపూర్ పాలిష్, ఆర్మూర్ పసుపు

తప్పంతా నాదేనని తేల్చేస్తే ఎలాగండీ? మా మామయ్య నోరు లెక్కలోకి రాదా? ఒక్క మాటతో నా పీహెచ్‌డీని ముంచేసిన మనిషాయన!

నేను చేసే పనేమిటంటే, గాలి మొత్తం లాగేసిన ఉక్కు డబ్బాలో గోరంత స్ఫటికం మీదికి హీలియం పరమాణువులను వదులుతాం. అవి తగిలి ఎటు, ఎంత వేగంతో చెదిరాయో చూసి, స్ఫటికం పైపొర ఎలా వణుకుతోందో చెబుతాం. దాని మీద దుమ్ము పడిందా, అంతే సంగతులు. అందుకే ఆ రోజు దాన్ని నాగపూర్‌లో పాలిష్ చేయించి, చిన్న డబ్బాలో భద్రంగా మూసి హైదరాబాద్ పట్టుకెళ్తున్నాను.

"దారిలో డబ్బా తెరవకు. ఇది పాడైతే మెషిన్ మీద నీ వంతు మళ్లీ వచ్చే ఏడాదే," అన్నారు మా గైడ్ మేడం.

ఆర్మూర్‌లో బస్సు దిగింది మేనత్త చేతి భోజనం కోసమే. తిని ఊరుకున్నానా? మామయ్య పసుపు కొమ్ములను డ్రమ్ముల్లో తిప్పి పాలిష్ పట్టే చోట రీల్ తీద్దామని వెళ్లాను.

"చేతుల గా డబ్బ ఏందే పిల్లా?"

"క్రిస్టల్ మామయ్యా. హీలియంతో పరీక్ష చేస్తాం."

"హీలియమా? గాల్లెకు ఎగిరే బుగ్గలల్ల నింపేది గదా! గింత ముక్క పాలిష్‌కు నాగపూర్ దాక వోయినవా? మన డ్రమ్ముల ఏస్తే గంటల మెరిసిపోతుండె!"

కూలీలు పకపకా నవ్వారు. నా తలలో కుక్కర్ విజిల్ వేసింది.

"పాలిష్ అంటే ఏంటో చూపిస్తా, ఆగు!"

మూత తీశాను. రెండో చేత్తో వీడియో కూడా మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడే వెనక డ్రమ్ము తిరిగింది. పచ్చటి మేఘం లేచింది. క్షణంలో నేనూ, నా ఫోనూ, నా స్ఫటికమూ ఒకే రంగు!

"ఫికర్ చెయ్యకు బిడ్డా. జర చున్నీతోని తుడువు," అన్నాడు మామయ్య.

తుడిచాను! అద్దంలాంటి ముఖం నిండా గీతలు పడ్డాయి. పసుపు మాత్రం ఇంకా బాగా పట్టింది.

ల్యాబ్‌లో నోరు మూసుకుని దాన్ని మెషిన్‌లో పెట్టేశాను. పంపులు కుక్కల్లా రొప్పాయి. స్ఫటికం పసుపు ఆవిరి వదులుతూనే ఉంది, వాక్యూమ్ రానే లేదు. చివరికి మేడం మెషిన్ తలుపు తెరిపించారు. గది నిండా ఘుమఘుమ! స్ఫటికాన్ని పట్టకారుతో పైకెత్తి, దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశారు.

"పరిశోధనకు తెచ్చావా, పెళ్లికూతుర్ని చేసి తెచ్చావా?"

నా వంతు వచ్చే ఏడాదికి పోయింది. మెషిన్ కడిగే పని మాత్రం వెంటనే దక్కింది.

కాబట్టి సర్వజనుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఆర్మూర్ పొలిమేరల్లో ఇకపై టిఫిన్ బాక్సు మూత కూడా తీయను. కానీ నిజం చెప్పండి, అంత నునుపైన స్ఫటికాన్ని పసుపు కొమ్ములతో కలిపి తిప్పమంటే, మీరైతే చేతులు కట్టుకుని ఊరుకునేవారా?