ఇంగువ డబ్బాలో దొరికిన దొంగ

ఒంగోలు డాక్టరుకు కూడా అంతుపట్టని నా కడుపు జబ్బు గుట్టును నేనే పట్టేశానని ఇప్పటికి వందమందికి చెప్పి ఉంటాను.

రాష్ట్రం విడిపోయిన కొత్తలో మాట. గోధుమలు నా పేగులకు పడవని ఆ డాక్టరు తేల్చాక, ఆరు నెలలు జొన్నరొట్టె, కొర్రన్నంతోనే గడిపాను. అయినా ఉబ్బరం తగ్గలేదు. అది తగ్గాలని నా భార్య మొదటినుంచీ రోజూ ఇంగువ కలిపిన మజ్జిగ ఇచ్చేది.

ఒకరోజు అది తాగి మా ఊరు వెలిగండ్లలో కనిగిరి బస్సెక్కాను. కాసేపటికే కడుపు మెలిపెట్టింది. "బస్సాపు నాయనా!" అని అరిచాను.

"ఏంది పెద్దాయనా, మళ్లీనా?" అన్నాడు కండక్టరు.

కంపచెట్ల చాటుకు పరుగెత్తాను కానీ, రెండడుగుల ముందే పరువు పోయింది. బస్సు వదిలేసి, పాడైన పంచెతో ఇంటికి నడిచాను. ఇక బతుకంతా ఇంతేనా అని ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం మా కోడలు ఇంగువ డబ్బా మీది చిన్న అక్షరాలు చదివి, "మామా, ఇందులో గోధుమపిండి కలిపినారు!" అంది. అవును, దొంగను పట్టింది కోడలే, నేను కాదు. ఇంగువ మానేశాక నెల తిరక్కుండా కడుపు కుదుటపడింది. ఇప్పుడు ఎంత దూరమైనా హాయిగా బస్సులో పోతున్నాను.

ఇంతవరకు రాసింది చదివి వినిపిస్తే నా భార్య అంది: "నేను ఏసింది చిటికెడు. ఘాటు చాల్లేదని చాటుగా చెంచాడు కలుపుకున్నది నువ్వు. అది కూడా రాయి."