స్కూల్ ఆటో అన్న ఫోటో

నాలుగేళ్లు ఒక తప్పు మోశాను. మా ఇంట్లో వాళ్లకి ఇప్పటికీ తెలియదు. దేవుడి ముందు కూడా ఆ ఒక్కటీ వదిలేసి మిగతావన్నీ చెప్పుకున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. పేర్లు మాత్రం అడగొద్దు. ఒక మనిషి గుట్టు ఒకసారి ఊరికి పంచిపెట్టినదాన్ని, మళ్లీ ఆ పని చేయను.

గజపతినగరంలో నాకో చిన్న ఫ్యాన్సీ షాపు ఉంది. గాజులు, రిబ్బన్లు, జాకెట్టు ముక్కలు. వాటితోపాటు ఆన్‌లైన్ ఆర్డర్లు కూడా పెడతాను. చుట్టుపక్కల ఊళ్లలో ఇంటి నంబర్లు ఎవరికీ గుర్తుండవు. డెలివరీ వాళ్లు సగం దూరం వచ్చి వెనక్కి పోతుంటారు. అందుకని జనం నా దగ్గరికొస్తారు. నా ఫోన్లో, నా షాపు అడ్రసుతో బుక్ చేస్తాను, వాళ్లొచ్చి పార్శిల్ పట్టుకెళ్తారు. ఎవరు జుట్టుకి రంగు వేస్తున్నారో, ఎవరు మొలల మందు వాడుతున్నారో నాకు తెలుసు. ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానని ఊళ్లో నేను మాత్రం నోరు విప్పనని పేరు. ఆ పేరు చూసుకుని ఎంత మురిసిపోయేదాన్నో!

స్కూల్ పిల్లల్ని ఆటోలో దింపే అన్న కూడా ఆ నమ్మకంతోనే వచ్చాడు. ఎడమ చెవి సరిగా వినిపించడం లేదట. చెవి వెనక పెట్టుకునే మిషన్ కావాలి. ఇంట్లో భార్యకి కూడా చెప్పలేదు. ఒక్క బావకే చెప్పాడు. బావంటే వాళ్లక్క మొగుడు, అదే స్టాండులో ఆటో తోలతాడు. పిల్లల తల్లిదండ్రులకి తెలిస్తే తన ఆటో ఎక్కనివ్వరని అన్న భయం.

మిషన్ వచ్చిన రోజు షాపులోనే పెట్టుకుని, బయటికి కనబడుతోందా అని అడిగాడు. తన చెవి వెనక తనకెలా కనబడుతుంది? ఫోన్‌తో ఒక ఫోటో తీసి చూపించాను. పక్క హోటల్లో గిన్నెల చప్పుడు వింటూ పొంగిపోయాడు.

ఆ ఫోటోనే పెట్టాను. కొన్న వస్తువు మీద ఫోటోతో నాలుగు మాటలు రాస్తే యాప్ వాళ్లు కూపన్ ఇస్తారు. అప్పటికి నా కన్ను ఒక స్టీలు డబ్బాల సెట్టు మీద ఉంది. "మా గజపతినగరం స్కూల్ ఆటో అన్నకి కొన్నాం, ఇప్పుడు వెనక హారన్ బాగా వినిపిస్తోందట" అని రాసి, ఐదు స్టార్లు ఇచ్చాను. మంచి మాటే కదా అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? అడిగితే వద్దంటాడని నాకు తెలుసు. అందుకే అడగలేదు.

నెల తిరక్కుండా, ఒక పిల్లాడి తల్లి తన మామగారికి అలాంటి మిషన్ వెతుకుతూ ఆ ఫోటో చూసింది. తల్లుల ఫోన్ గ్రూపులో పెట్టింది. రిబ్బన్లకొచ్చి నాకే చూపించింది, పెట్టింది నేనేనని తెలియక. ఆమె గుమ్మం దిగగానే యాప్‌లోంచి ఫోటో తీసేశాను. ఏం లాభం? చెవి వినపడని మనిషితో పిల్లల్ని పంపలేమని స్కూలు వాళ్లు అన్నని మానిపించారు. ఫోటో సంగతి మాత్రం అతనికి ఎవరూ చెప్పలేదు. పిల్లల్ని బావ ఆటోలో ఎక్కించారు.

మర్నాడు అన్న షాపుకొచ్చాడు.

"నా సెవి సంగతి ఇద్దరికే తెల్సు సెల్లీ. నీకూ, బావకీ. ఇప్పుడు నా ఆటో పిల్లలు బావ ఆటోలో ఎల్తన్నారు. ఇంకేటి అడగాల?"

"బావ అలాటోడు కాదేమో అన్నా."

"మరెవులు సెప్పినట్టు? నువ్వా?" అని తనే నవ్వాడు. "నువ్వు సెప్పవు. నాకు తెల్దేటి!"

నేను గాజుల పెట్టె సర్దుకుంటూ కూర్చున్నాను. ఒక్క మాట చాలు అప్పుడు. కోపగించేవాడు, తిట్టేవాడు, ఊరంతా చెప్పేవాడు, నా షాపుకి వచ్చేవాళ్లు తగ్గేవారు, అంతేగా? ఆ అంతేకే భయపడి ఏ తప్పూ లేని మనిషిని దొంగగా నిలబెట్టాను. అన్న అక్కింటికి వెళ్లడం మానేశాడు. మేనకోడలి ఓణీల ఫంక్షన్‌కి కూడా పోలేదు. ఆ అక్క నా షాపులోనే కూర్చుని ఏడిస్తే మంచినీళ్లిచ్చాను. కంచే చేను మేసింది, పైగా రైతుని ఓదార్చింది.

పిల్లల మంచికే జరిగిందని నాకు నేను సర్దిచెప్పుకోవాలని చూశాను. అదీ అబద్ధమే. మిషన్ పెట్టుకున్నాక అతనికి అందరిలాగే వినిపించేది.

ఈ మధ్య డిగ్రీ చదివే ఒకమ్మాయి పార్శిల్ తీసుకుని, వెళ్లకుండా నిలబడింది. "నా పనైపోనాది గదా ఆంటీ, నా పేరూ నంబరూ మీ ఫోన్లోంచి తీసీయండి. అవి నావి" అంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నాకు ఒళ్లు మండింది. ఆ పిల్ల కదల్లేదు. తీసేశాను. ఆమె వెళ్లాక ఇంకొకరివి, ఆ తర్వాత అందరివీ తీశాను. ఇప్పుడు ఎవరి వివరాలు వాళ్లే కొట్టుకుంటారు, పార్శిల్ మీది కాగితం వాళ్ల ఎదురుగానే చింపేస్తాను. ఇన్నేళ్లూ ఇది ఎందుకు తోచలేదు?

చివరికి ఫోన్లో ఆ ఫోటో ఒక్కటీ మిగిలింది. అది కూడా చెరిపేస్తే ఇక ఎవరికీ తెలిసే దారి లేదు. వేలు దాని మీద పెట్టాను. చెరపలేకపోయాను. ఫోన్ పట్టుకుని స్టాండుకి వెళ్లి అన్న చేతికిచ్చాను. పెట్టింది నేనేనన్నాను.

ఫోటో చూసి ఫోన్ తిరిగిచ్చాడు. తిట్టలేదు. "ఎక్కు" అన్నాడు. ఆటో తిన్నగా బావ వాకిట్లో ఆపాడు.

అక్కడ మళ్లీ చెప్పాను, అక్కకీ బావకీ, మొదటినుంచీ. బావ లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు. కాసేపటికి అన్న అతని వెనకే వెళ్లాడు. పెరట్లోంచి మాటలు వినిపించాయి, కోపంగా, గట్టిగా. నాలుగేళ్ల తర్వాత మాటలే కదా, ఎలా ఉంటేనేం? అక్క నా వైపు చూడలేదు. పెరటి గుమ్మం దగ్గర నిలబడి, "ఒరే తమ్ముడూ, బువ్వ తిన్నావేట్రా?" అని కేకేసింది.

నన్నెవరూ తినమనలేదు, ఉండమనలేదు. క్షమించామని అననూ లేదు. రోడ్డు దాకా నడిచి బస్సెక్కాను. నేను చేసిందేమిటో ఇప్పుడు వాళ్లకి తెలుసు. ఆ రోజు ఇంటికెళ్లాక, చాన్నాళ్ల తర్వాత నాకు బాగా ఆకలేసింది.