ద్వారబంధం మీది గాటు

ఆ రోజు నేను అబద్ధం చెప్పానని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

మా ఎదురింటి అవ్వ పసిబిడ్డగా ఉన్నప్పుడు, ఆమె నాయన కరువుకు తాళలేక తెల్లదొరల యుద్ధానికి తనంతట తానే పేరిచ్చి ఓడెక్కాడు. వెళ్లేముందు భార్య అతన్ని ద్వారబంధానికి ఆనించి, తల ఎత్తున కొడవలితో గాటు పెట్టింది. మనిషి రాలేదు, చావు కబురూ రాలేదు.

ఏటా మహాలయ అమావాస్యకు అవ్వ గడప నుంచి ఆ గాటు దాకా దారంతో కొలిచేది. "గాటు మళ్లీ దిగింది పాపా. ముసలోడై కుంగుతాండాడు. బతికే ఉండాడు," అనేది. అందుకే పిండం పెట్టనిచ్చేది కాదు.

పోయినేడు మంచం దిగలేక, పాత కొలతకు ముడేసిన దారం నా చేతికిచ్చింది. ఆమె కొడుకు నా వెనకే వచ్చాడు.

"దిగల్యా అని చెప్పు పాపా. నాకూ డెబ్బై నిండినాయి. నేను పోతే మా తాతకు పిండం పెట్టేదెవరు?" అని గొణిగాడు.

గాటు ముడికి రెండు వేళ్లు కిందుగా ఉంది.

"ఈసారి దిగల్యా అవ్వా," అన్నాను.

ఆ తర్వాత అవ్వ నాతో మాట్లాడింది ఒక్కసారే.

"సరే, పెట్టనీలే. మా నాయన ఇంటికొస్తే మాత్రం, తలుపు నువ్వే తీయాల పాపా."